చిప్ మారుతోంది, తప్పుకోండి!



పార్వతీపురం నుంచి కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు కొండదారి పట్టేవాళ్లకు ఫోన్‌లో సిగ్నల్ రావడం, పోవడం కొత్త కాదు. గాలివానకు లైను తెగి, టవర్ కింద బ్యాటరీ కూడా అయిపోతే ఊళ్లకు ఊళ్లే మూగబోతాయి. కరెంటు వచ్చాక కూడా సిగ్నల్ టక్కున రాదు. టవర్ పెట్టెలో కంప్యూటర్ లేవాలి, దాని సాఫ్ట్‌వేర్ లేవాలి, నెట్‌వర్క్‌తో మాట కలవాలి. ఈ హడావిడిలో పైకి కనిపించని పని ఇంకొకటి ఉంది. మొబైల్ టవర్ల రేడియో పెట్టెల్లో చాలాచోట్ల ఎఫ్‌పీజీఏ అనే రకం చిప్‌లు వాడతారు. కరెంటు పోగానే అలాంటి చిప్ సాధారణంగా తానేం పని చేసేదో పూర్తిగా మరిచిపోతుంది. కరెంటు రాగానే దానికి మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి: నువ్వు ఫలానా సర్క్యూట్‌వి, నీ తీగలు ఇలా కలవాలి, అని.

ఆ మాట ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, చెబుతున్నంతసేపూ మిగతా కంప్యూటర్ ఏం చేస్తూ ఉండాలి? ఇవాళ్టి ప్రసంగం దీని గురించే.

ఎఫ్‌పీజీఏ అంటే ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ ఎరే. పేరు బరువైనదే గానీ సంగతి తేలిక. మామూలు చిప్‌లో సర్క్యూట్‌ను ఫ్యాక్టరీలోనే ఖాయం చేసేస్తారు. ఇక జన్మంతా దానికి అదే పని. ఎఫ్‌పీజీఏలో చిన్న చిన్న లాజిక్ గదులు వేలకొద్దీ ఉంటాయి. వాటి మధ్య తీగలుంటాయి, తీగలు కలిసేచోట స్విచ్‌లుంటాయి. ఏ గది ఏం లెక్క చెయ్యాలో, ఏ స్విచ్ వేసి ఉండాలో ఒక ఫైల్ చెబుతుంది. దాన్ని బిట్‌స్ట్రీమ్ అంటారు. ఆ ఫైల్ మార్చితే చిప్ మారుతుంది. పొద్దున కెమెరా బొమ్మలు శుభ్రం చేసిన చిప్పే మధ్యాహ్నానికి రేడియో సిగ్నల్‌ను విడదీసే చిప్ అవుతుంది. మారింది దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ అనుకుంటే పొరపాటు. లోపలి సర్క్యూటే మారిపోయింది.

1984లో అమెరికాలో రాస్ ఫ్రీమన్, మరో ఇద్దరు మిత్రులతో కలిసి జైలింక్స్ కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది వాళ్ల మొదటి చిప్ ఎక్స్‌సీ2064 వచ్చింది. అందులో ఉన్నవి 64 లాజిక్ గదులు. ట్రాన్సిస్టర్లు బంగారంలా చూసుకునే రోజులవి. మార్చుకునే వీలు కోసం ఇన్ని ట్రాన్సిస్టర్లు ఖర్చు చెయ్యడమేమిటన్న అనుమానం చాలామందికి ఉండేది. ట్రాన్సిస్టర్లు ఏటా చవకవుతాయని ఫ్రీమన్ పందెం కాశాడు. పందెం గెలిచింది గానీ, ఆ గెలుపు పూర్తిగా చూడకుండానే 1989లో ఆయన పోయాడు. ఇవాళ కాలేజీ ల్యాబుల్లో కనిపించే ఒక మధ్యస్థాయి చిప్, జింక్ 7020 సంగతి చూస్తే, అందులో అలాంటి గదుల్లో ఉండే లెక్కల పట్టికలే 53,200 ఉన్నాయి. దాని బిట్‌స్ట్రీమ్ ఫైల్ సుమారు 4 మెగాబైట్లు, అంటే ఒక సినిమా పాట అంత.

ఈ జింక్ అన్నది కథలో ముఖ్యమైన మలుపు. 2011లో జైలింక్స్ ప్రకటించిన ఈ చిప్‌లో ఒకే సిలికాన్ ముక్క మీద రెండు ఆర్మ్ ప్రాసెసర్లూ, పక్కనే ఎఫ్‌పీజీఏ పొలమూ ఉన్నాయి. ప్రాసెసర్ల మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. ఆ లినక్సే పక్కనున్న ఎఫ్‌పీజీఏకు బిట్‌స్ట్రీమ్ పంపగలదు. అంతకుముందు చాలా బోర్డుల్లో చిప్‌ను నింపే పని ఒక ఫ్లాష్ మెమరీదో, ఇంజనీరు చేతిలోని కేబుల్‌దో. ఇప్పుడు ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్ నెత్తిన పడింది.

ఈ కథలో తెలుగువాళ్లకు దగ్గరి భాగమూ ఉంది. అమెరికా బయట జైలింక్స్‌కు ఉన్న అతిపెద్ద పరిశోధన, అభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌లోనే పెరిగింది. 2022 ఫిబ్రవరిలో జైలింక్స్‌ను ఏఎండీ అనే చిప్ కంపెనీ కొనేశాక అదంతా ఏఎండీ పేరు మీదికి వచ్చింది. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ సోర్స్ తెరిచి, ఈ చిప్‌ల డ్రైవర్లు రాసినవాళ్ల పేర్లు చూస్తే తెలుగు ఇంటిపేర్లు తగులుతాయి. సెల్‌ఫోన్ యాప్ చేసినవాడి గురించి పేపర్లో రాస్తారు. ప్రపంచమంతా వాడే కెర్నల్‌లో డ్రైవర్ రాసినవాడి పేరు మాత్రం ఆ ఫైల్ కిందో పైనో ఒక లైనుగా ఉండిపోతుంది. ఇందులో కొంత అన్యాయం ఉందనే చెప్పాలి.

సరే, అసలు చిక్కు ఏమిటి? నాలుగు మెగాబైట్ల ఫైల్‌ను చిప్‌లోకి తోసెయ్యడం పెద్ద పనేం కాదు. జింక్ చిప్‌లో ప్రాసెసర్ వైపు నుంచి ఉన్న దారిలో అది 30 మిల్లీసెకన్ల అటూ ఇటూగా అయిపోతుంది, కన్ను ఆర్పేలోపే. కష్టమంతా ఆ 30 మిల్లీసెకన్లకు ముందు, తర్వాత ఉంది.

ఏజెన్సీలో వారపు సంత జరిగే మైదానాన్ని తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వారం వారం నేల ఒకటే. పొద్దున చింతపండు రాశులు పోసిన చోట మధ్యాహ్నానికి బట్టల దుకాణం వెయ్యచ్చు. అయితే చింతపండు వ్యాపారి బస్తాలు ఎత్తకముందే బట్టల గుడారానికి గుంజలు పాతితే? కొనడానికొచ్చినవాళ్లు పాత దుకాణం ఉందనుకుని అక్కడికే నడిచి వస్తుంటే? ముందు పాత వ్యాపారికి చెప్పాలి. అతను సర్దుకోవాలి. వచ్చే దారికి తాడు కట్టాలి. అప్పుడు కొత్త గుడారం వెయ్యాలి. తాడు విప్పాలి. ఫలానా చోట ఇప్పుడు ఫలానా దుకాణం ఉందని చెప్పాలి. మైదానంలో ఆశీలు వసూలు చేసే మనిషికి ఇది వారం వారం చేసే పని. ఎఫ్‌పీజీఏ విషయంలో ఈ పని ఆపరేటింగ్ సిస్టమ్ చెయ్యాలి.

లినక్స్ వాడినవాళ్లు మొదట్లో ఇలా ఆలోచించలేదు. లినక్స్ అనుసరించే యూనిక్స్ సంప్రదాయంలో అన్నీ ఫైళ్లే. కాబట్టి చిప్ కూడా ఒక ఫైలే అనుకున్నారు. 2004లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో జాన్ విలియమ్స్, నీల్ బెర్గ్‌మన్ చేసిన ప్రయోగంలో చిప్ తన లోపల నడిచే లినక్స్ నుంచే తన భాగాలను మార్చుకునేది. ఒక డివైస్ ఫైల్‌లోకి బిట్‌స్ట్రీమ్‌ను కాపీ చేస్తే చాలు. తర్వాత జింక్ బోర్డులు వాడిన ఒక తరం విద్యార్థులందరికీ కంఠతా వచ్చిన కమాండ్ కూడా అదే తీరు: క్యాట్ అని కొట్టి, బిట్‌స్ట్రీమ్ పేరు రాసి, బాణం గుర్తు పెట్టి, డెవ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌డెవ్‌సీఎఫ్‌జీ అనే ఫైల్‌లోకి పంపడం. బోర్డు మీద ఒక దీపం వెలుగుతుంది. పని అయిపోయినట్టే.

అయిపోయినట్టు కనిపిస్తుంది, అంతే. ఆ కమాండ్‌కు తెలిసింది ఒక్కటే, ఫలానా బైట్లను ఫలానా చోటికి పంపడం. ఆ చిప్‌లో నిన్నటిదాకా ఒక కెమెరా సర్క్యూట్ ఉందనీ, దానికి కెర్నల్‌లో ఒక డ్రైవర్ తగులుకుని ఉందనీ, ఆ డ్రైవర్ ఇంకా పాత రిజిస్టర్ల చిరునామాలు పట్టుకుని కూర్చుందనీ దానికి తెలియదు. కొత్త బిట్‌స్ట్రీమ్‌లో ఆ చిరునామాలో ఏమీ లేదనుకుందాం. డ్రైవర్ ఆ చిరునామా నుంచి ఒక అంకె చదవడానికి ప్రయత్నిస్తుంది. చిప్ లోపలి బస్ మీద ప్రశ్న వెళుతుంది. జవాబిచ్చేవాళ్లెవరూ లేరు. ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. జింక్ లాంటి చిప్‌లో ప్రాసెసర్ ఆ జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉండిపోతుంది. ఎర్రర్ రాదు, ఇంతసేపు చూసి వదిలెయ్యమనే గడువు లేదు. కీబోర్డు కొట్టినా పలకదు, నెట్‌వర్క్ పలకదు, లాగ్ ఫైల్‌లో ఒక్క అక్షరం పడదు. కరెంటు తీసి పెట్టడమే దారి. కాలేజీ ల్యాబులో అయితే చెయ్యి చాపి స్విచ్ కొడతారు. పాచిపెంట కొండ మీది టవర్ పెట్టె అయితే ఎవరు చాపాలి చెయ్యి?

ఇంతకన్నా పెద్ద ఊహతో మొదలైన ప్రయత్నాలూ ఉన్నాయి. 1996లోనే గార్డన్ బ్రెబ్నర్ అనే శాస్త్రవేత్త మారే చిప్ కోసం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా ఉండాలో రాశాడు. ప్రోగ్రాములకు మెమరీ పంచినట్టే సర్క్యూట్లకు చిప్ మీద స్థలం పంచాలన్నది ఆయన ఆలోచన. మరో పదేళ్లకు బర్క్‌లీలో హేడెన్ సో, రాబర్ట్ బ్రాడర్సన్ తయారుచేసిన బోర్ఫ్ మరీ ముచ్చటైనది. అందులో ఎఫ్‌పీజీఏ డిజైన్ అంటే ఒక ప్రోగ్రామ్ ఫైల్. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే కెర్నల్ ఖాళీగా ఉన్న ఎఫ్‌పీజీఏను వెతికి అందులో నింపేది. పీఎస్ కమాండ్ కొడితే మామూలు ప్రోగ్రాముల వరుసలో ఆ సర్క్యూట్ కూడా కనిపించేది. కిల్ కొడితే ఆగేది. సర్క్యూట్ లోపలి రిజిస్టర్లు ప్రాక్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా కనిపించేవి, చదవచ్చు, రాయచ్చు.

బోర్ఫ్ పరిశోధన పత్రంతో ఆగిపోలేదు. రేడియో ఖగోళశాస్త్రం వాళ్లకు నచ్చింది. టెలిస్కోపుల నుంచి వచ్చే సిగ్నల్‌ను అప్పటికప్పుడు విడదీయడానికి వాళ్లు రోచ్ అనే బోర్డులు వాడారు. వాటి మీద నడిచిన లినక్స్‌లో బోర్ఫ్ ఉండేది. పుణె దగ్గర ఖొడద్‌లో 45 మీటర్ల వెడల్పు డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ టెలిస్కోపును ఆధునికీకరించినప్పుడు దాని సిగ్నల్ లెక్కల విభాగంలో రోచ్ బోర్డులు పెట్టారు. ఈ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఆలోచన భారతదేశంలో నిజంగా పనిలోకి దిగిన చోట్లలో అదొకటి.

ఇంత అందమైన ఆలోచన అందరిదీ ఎందుకు కాలేదు? ప్రోగ్రామును ఆపి, దాని స్థితిని దాచి, ఇంకోదాన్ని నడిపి, మళ్లీ మొదటిదాన్ని అదే చోటి నుంచి కొనసాగించడం ప్రాసెసర్‌కు సెకనుకు వందలసార్లు చేసే పని. దాచాల్సింది పదుల సంఖ్యలో రిజిస్టర్లు. సర్క్యూట్‌లో అయితే ఆ స్థితి చిప్ అంతా చెదిరి ఉన్న వేలాది ఫ్లిప్‌ఫ్లాపుల్లో, మెమరీ ముక్కల్లో ఉంటుంది. దాన్ని బయటికి తియ్యడం నెమ్మది, తిరిగి పెట్టడం ఇంకా తలనొప్పి. పైగా ఒక చిప్‌కు తయారుచేసిన బిట్‌స్ట్రీమ్ పక్క మోడల్ చిప్‌కు పనికిరాదు. అదే చిప్‌లో ఒక మూల కోసం చేసినది ఇంకో మూలకు అమరదు. డిజైన్ తయారుకావడానికి గంటలు పడుతుంది. సర్క్యూట్‌ను ప్రాసెస్ అని పిలిచినంత మాత్రాన అది ప్రాసెస్‌లా నడుచుకోదు.

లినక్స్ పెద్దలు మధ్యేమార్గం పట్టారు. ఆల్టెరా కంపెనీ ఇంజనీర్ అలన్ టల్ మొదలుపెట్టిన ఎఫ్‌పీజీఏ మేనేజర్ 2016 జనవరిలో విడుదలైన 4.4 కెర్నల్‌లో చేరింది. ఆల్టెరా అంటే జైలింక్స్‌కు ఎదురుగా నిలిచిన కంపెనీ. అయినా ఆ మేనేజర్ ఏ ఒక్క కంపెనీదీ కాకుండా రాశారు. పైన అందరికీ ఒకే పద్ధతి, కింద ఒక్కో చిప్‌కు ఒక్కో చిన్న డ్రైవర్. ఏడాది తర్వాత, 2017 ఫిబ్రవరిలో వచ్చిన 4.10 కెర్నల్‌లో అసలైన రెండు ముక్కలు చేరాయి: బ్రిడ్జి, రీజియన్.

బ్రిడ్జి అంటే ప్రాసెసర్‌కూ ఎఫ్‌పీజీఏకూ మధ్యనున్న దారి. మార్పు మొదలయ్యే ముందు దాన్ని మూసెయ్యాలి. సగం నిండిన సర్క్యూట్ నుంచి పిచ్చి సిగ్నల్స్ వచ్చి మెమరీ మీద పడకుండా ఆపేది ఇదే. రీజియన్ అంటే చిప్‌లో మార్చదగిన ఒక భాగం, దానికి సంబంధించిన దారులు, దానిలోకి రాసే మేనేజర్, అందులో కొలువుండే పరికరాల జాబితా, అన్నీ కలిపిన లెక్క. కొత్త డిజైన్ వచ్చినప్పుడు దానితోపాటు డివైస్ ట్రీ ఓవర్లే అనే చిన్న వివరణ ఫైల్ వస్తుంది. ఈ చిరునామాలో ఈ పరికరం ఉంది, దాని ఇంటరప్ట్ ఇది, దానికి ఈ డ్రైవర్ కావాలి అని అందులో రాసి ఉంటుంది. కెర్నల్ వరుసగా చేసుకుపోతుంది. రీజియన్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది. మేనేజర్‌కు తాళం వేస్తుంది, మధ్యలో ఇంకొకరు దూరకుండా. బ్రిడ్జిలు మూస్తుంది. బిట్‌స్ట్రీమ్ రాస్తుంది. బ్రిడ్జిలు తెరుస్తుంది. అప్పుడు మాత్రమే కొత్త పరికరాల డ్రైవర్లను పిలుస్తుంది. పాత ఓవర్లే ఇంకా ఉండగానే అదే రీజియన్‌లో కొత్తది పెట్టబోతే, ముందే ఒకటి ఉందని చెప్పి తిప్పి పంపేస్తుంది.

జింక్ డ్రైవర్ లోపలికి వెళితే ఈ జాగ్రత్త ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ప్రాసెసర్ వైపు కరెంటు సరఫరా వేరు, ఎఫ్‌పీజీఏ వైపు వేరు కాబట్టి మధ్యలో లెవెల్ షిఫ్టర్లు ఉంటాయి. డ్రైవర్ ముందుగా ఎఫ్‌పీజీఏ వైపు బస్ ద్వారాలను రీసెట్‌లో పెడుతుంది. ఆ తర్వాత లెవెల్ షిఫ్టర్లన్నీ ఆపుతుంది. మళ్లీ ప్రాసెసర్ నుంచి ఎఫ్‌పీజీఏకు పోయే వైపు మాత్రమే తెరుస్తుంది. చిప్‌ను ఖాళీ చేసి, తయారుగా ఉన్నానని అది చెప్పేదాకా ఆగుతుంది. పని పూర్తయ్యాకే రెండో వైపు తెరిచి, రీసెట్ తీస్తుంది. ఇంకో ముచ్చట. చిప్‌ను ముట్టుకోకముందే బిట్‌స్ట్రీమ్‌లో నాలుగు బైట్ల గుర్తు కోసం వెతుకుతుంది: 66, 55, 99, ఏఏ, అదే వరుసలో. జైలింక్స్ సాధనాలు మామూలుగా ఇచ్చే బిట్ అనే ఫైల్‌లో ఈ బైట్లు తలకిందులుగా ఉంటాయి. దాన్ని అలాగే ఇస్తే డ్రైవర్ ఒప్పుకోదు, బైట్ల వరుస తిప్పిన బిన్ ఫైల్ తెమ్మంటుంది. పాత క్యాట్ పద్ధతికి అలవాటుపడి కొత్త కెర్నల్‌లోకి వచ్చిన కుర్రాళ్లు ఇక్కడే తిట్టుకుంటారు. తిట్టుకున్నా సరే, ఈ మొండితనం మంచిదే. తప్పు బైట్లు చిప్‌లోకి పోయాక తెలుసుకోవడం కన్నా గుమ్మం దగ్గరే ఆపడం మేలు.

అయితే ఈ డిజైన్‌లో ఒక లోటు మాత్రం చాలాకాలం ఉండిపోయింది. ఓవర్లేను కెర్నల్‌కు అందించడానికి మామూలు ప్రోగ్రాములకు అధికారికమైన దారి ప్రధాన కెర్నల్‌లో ఇవ్వలేదు. నడుస్తున్న యంత్రం వర్ణనను బయటివాళ్లు మార్చడం ప్రమాదమన్నది నిర్వాహకుల భయం. అది అర్థంలేని భయమేమీ కాదు. కానీ దాని ఫలితం ఏమైంది? చిప్ కంపెనీలు తమతమ కెర్నల్ ప్రతుల్లో ఎవరి దారి వాళ్లు వేసుకున్నాయి. జైలింక్స్ 2021లో తెచ్చిన క్రియా బోర్డులో లోడ్‌యాప్, అన్‌లోడ్‌యాప్ అనే కమాండ్లున్నాయి. వెనకాల ఒక సేవకుడి ప్రోగ్రామ్ ఉండి ఆ పనులన్నీ చూసుకుంటుంది. వాడేవాళ్లకు హాయే. ఆ ప్రోగ్రామ్ మరో కంపెనీ బోర్డు మీద పనిచెయ్యదు, అదొక్కటే బాధ. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని మొదలైన పని, చివరి మెట్టు దగ్గర మళ్లీ ఎవరి గుడారం వాళ్లదే అయ్యింది.

ఇదంతా ఇంజనీర్ల లోకమే అనుకోనక్కర్లేదు. 2017 నుంచి ప్రపంచంలో పాత వీడియో గేముల పిచ్చివాళ్లు మిస్టర్ అనే ప్రాజెక్టు నడుపుతున్నారు. ఆల్టెరా సైక్లోన్ ఫైవ్ చిప్ ఉన్న ఒక చిన్న బోర్డు. దాని మీద లినక్స్. తెర మీద మెనూలో పాతకాలపు గేమ్ యంత్రం పేరు ఎంచుకుంటే ఎఫ్‌పీజీఏ ఆ యంత్రమే అయిపోతుంది. ఇంకో పేరు ఎంచుకుంటే ఇంకో యంత్రం. ఆడే పిల్లాడికి తన కింద సర్క్యూట్ మారిపోయిందని తెలియనే తెలియదు.

ఒక చిప్‌ను ఒకరే వాడుకుంటే ఇక్కడితో కథ అయిపోయేది. పదిమంది పంచుకుంటేనే గొడవ. మైక్రోసాఫ్ట్ 2014లో తన క్యాటపల్ట్ ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. 1,632 సర్వర్లలో ఎఫ్‌పీజీఏలు పెడితే, బింగ్ వెతుకులాటలో ఫలితాలకు ర్యాంకులిచ్చే పని ఒక్కో సర్వర్‌కు 95 శాతం పెరిగింది. అక్కడ వాడేది సొంత ఇంజనీర్లే. అమెజాన్ 2017లో ఎఫ్1 పేరుతో ఎఫ్‌పీజీఏలను ఎవరికైనా గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ముక్కూమొహం తెలియనివాడి సర్క్యూట్ తమ యంత్రంలోకి రానివ్వాలి మరి. అందుకే చిప్‌లో కొంత భాగాన్ని షెల్ అని తమ చేతిలోనే పెట్టుకున్నారు. మెమరీకి, సర్వర్‌కు వెళ్లే దారులన్నీ దాని గుండానే. అద్దెకు తీసుకున్నవాడు బిట్‌స్ట్రీమ్ తెచ్చి పెట్టలేడు. డిజైన్ ఇస్తే, అమెజాన్ తనే పరీక్షించి బిట్‌స్ట్రీమ్ తయారుచేస్తుంది. తన చుట్టూ తానే తిరిగే లాజిక్ ఉచ్చులున్న డిజైన్లను తిప్పి పంపుతుంది. అలాంటి ఉచ్చులు వేలల్లో పెడితే చిప్ విపరీతంగా కరెంటు లాగి సర్వర్‌నే పడగొట్టగలదు. సాఫ్ట్‌వేర్ వైరస్ మామూలుగా డేటా పాడుచేస్తుంది. ఇది వోల్టేజీతోనే ఆడుకుంటుంది.

తాళం వేసుకున్నా నమ్మకం లేదని 2020లో ఇంకోసారి తేలింది. జర్మనీలో బోఖుమ్ పరిశోధకులు స్టార్‌బ్లీడ్ అనే లోపాన్ని బయటపెట్టారు. జైలింక్స్ 7 సిరీస్ చిప్‌లలో గుప్తంగా ఉంచిన బిట్‌స్ట్రీమ్‌ను చిప్ చేతే విప్పించవచ్చని చూపించారు. సిలికాన్‌లోనే ఉన్న లోపం కాబట్టి ప్యాచ్ వేసి పూడ్చే వీలులేదు. ఇలాంటప్పుడు చిప్‌లోకి రాసే తలుపు దగ్గర ఎవరిని నిలబెట్టాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకోవాల్సిందే.

మనిషి చెయ్యి అందని కొండ టవర్ల సంగతి ఎలా అన్న ప్రశ్నకు జవాబు ఇది. ఫ్లాష్ మెమరీలో రెండు ప్రతులు పెడతారు. మొదటిది ఎప్పుడూ ముట్టుకోని గోల్డెన్ ఇమేజ్. రెండోది అప్‌డేట్ ప్రతి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని దూరం నుంచి పంపే మార్పులన్నీ రెండోదానికే. రాస్తుండగా కరెంటు పోయి సగంలో ఆగిందనుకుందాం. చిప్ లేచినప్పుడు దాని లెక్క సరిపోదు, దానంతటదే గోల్డెన్ ఇమేజ్‌కు వెనక్కి వెళుతుంది. టవర్ పాత పద్ధతిలోనైనా బతికే ఉంటుంది, మళ్లీ ప్రయత్నించమని అడిగే స్థితిలో ఉంటుంది. ఈ ఏర్పాటు పెట్టని కంపెనీ పరికరాన్ని కొండ ప్రాంతానికి కొనడం తెలివైన పని కాదు.

అంతకన్నా అందని చోటు అంగారకుడు. నాసా పర్సెవరెన్స్ రోవర్‌లో వర్టెక్స్ 5 రకం చిప్ ఉంది, అంతరిక్షపు రేడియేషన్‌ను తట్టుకునేలా చేసినది. 2021 ఫిబ్రవరి 18న రోవర్ అంగారకుడి మీదికి దిగుతున్నప్పుడు ఆ చిప్ పని, కెమెరా బొమ్మలను మ్యాపుతో పోల్చి రోవర్ ఎక్కడుందో కనిపెట్టడం. ఆ పని కాసేపే. దిగాక దానితో అవసరం లేదు. అదే చిప్‌ను కొత్త సర్క్యూట్‌తో నింపి, నేల మీద రోవర్ తానే దారి చూసుకుంటూ నడవడానికి కావలసిన చూపు లెక్కలు చేయిస్తున్నారు. అంత దూరం మోసుకెళ్లే ప్రతి గ్రాము బరువూ లెక్కే కాబట్టి, ఒక చిప్‌తో రెండు ఉద్యోగాలు చేయించారు.

మారడమే మంచిదని అన్నిచోట్లా అనలేం. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తయారుచేసే ఓటింగ్ యంత్రాల సంగతే తీసుకుంటే, వాటి మైక్రోకంట్రోలర్‌లో ప్రోగ్రామ్ ఒక్కసారే రాయగలమనీ, తర్వాత మార్చడం కుదరదనీ ఎన్నికల సంఘం చెబుతూ వస్తోంది. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కూడా ఈ చర్చ వచ్చింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు కోరితే ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో 5 శాతం యంత్రాల మెమరీని ఇంజనీర్లతో పరీక్షించవచ్చని కోర్టు చెప్పింది. అరకు పార్లమెంటు నియోజకవర్గంలో కొండ మీది పోలింగ్ కేంద్రాలకు మోసుకెళ్లే పెట్టెలో మారని చిప్ ఉండాలి. అదే కొండ మీది టవర్‌లో మారే చిప్ ఉండాలి. రెండింటికీ కారణాలు సరైనవే.

నిజం చెప్పాలంటే ఇంత యంత్రాంగం ఉన్నా, చాలా బోర్డులు కరెంటు వచ్చినప్పుడు ఒకసారి బిట్‌స్ట్రీమ్ నింపుకుని, మళ్లీ కరెంటు పోయేదాకా అలాగే ఉంటాయి. నడుస్తుండగా మార్చడమన్నది కంపెనీల ప్రకటనల్లో కనిపించినంత తరచుగా ఫీల్డ్‌లో కనిపించదు. సాధనాలు కష్టం, పరీక్షించడం ఇంకా కష్టం. అయినా ఒక బోర్డు మీద పదిరకాల పనులు వంతులవారీగా చెయ్యాల్సిన రోజు, మారుమూల ఆసుపత్రిలో ఒకే పెట్టె స్కానింగ్‌కూ ఇంకో పరీక్షకూ పనికిరావాల్సిన రోజు వస్తే ఈ బ్రిడ్జిల, రీజియన్ల లెక్కే ఆధారం.

పార్వతీపురం నుంచి విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయానికో, విశాఖకో, శ్రీకాకుళానికో వెళ్లి ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఖరీదైన బోర్డు లేదని ఆగనక్కర్లేదు. ఐస్40 అనే చిన్న ఎఫ్‌పీజీఏకు ఐస్‌స్టార్మ్ పేరుతో పూర్తిగా ఉచితమైన సాధనాలున్నాయి. అందులో ఒక చిన్న మోడల్ బిట్‌స్ట్రీమ్ సుమారు 32 కిలోబైట్లే. ఒక రాస్ప్‌బెర్రీ పైకి తగిలించి ప్రయోగాలు చెయ్యచ్చు, దానికి లినక్స్‌లో డ్రైవర్ కూడా ఉంది. ఇక కెర్నల్ సోర్స్ ఎవరైనా చదవచ్చు, పైసా కట్టక్కర్లేదు. అందులో డ్రైవర్స్ అనే ఫోల్డర్, దాని లోపల ఎఫ్‌పీజీఏ అనే ఫోల్డర్ తెరవండి. ఎఫ్‌పీజీఏ రీజియన్ అనే ఫైల్ చిన్నదే, ఒక సాయంత్రంలో చదివెయ్యచ్చు. ముందు దాంతో మొదలుపెట్టండి.